సిగరెట్టుకు అర్థం చెప్పినామె

లాండ్రీలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు కాబట్టి మనమూ అక్క అనే అనుకుందాం. పొద్దున వెళ్ళి ఇస్త్రీబల్ల ముందు నిలబడిందంటే సాయంత్రం దాకా చొక్కాలు, కోట్లు, ఆసుపత్రి దుప్పట్లు ఆమె చేతికింద సాపుగా పడుకునేవి. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. ఆ వరస ఎప్పుడూ తప్పేది కాదు. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. ఆమెకున్న జబ్బల్లా ఒకటే, ఓర్వలేనితనం.

అదేమీ దాచుకున్న జబ్బు కాదు. తనే చెప్పుకునేది. "నాకు ఏడుపెక్కువమ్మా. కొందరికి తలనొప్పి వస్తుంది చూడు, నాకు ఇదొస్తుంది" అనేది. చిన్నప్పుడు చెల్లెలి జడ తన జడకన్నా లావుగా ఉందని, చెల్లెలు నిద్రపోతుంటే కొస కత్తిరించి, కత్తెరతో సహా దొరికిపోయి తన్నులు తింది. పెళ్ళయ్యాక, ఎదురింటి కిటికీలోకి పొద్దుటెండ పడుతుంది, తమ కిటికీలోకి పడదు అని కొన్నాళ్ళు కర్టెను తియ్యలేదు. అయితే ఆ ఏడుపులో విషం ఉండేది కాదు. ఎవరి చెడూ కోరేది కాదు. తన కళ్ళముందే ఇంకొకరికి ఏదైనా దొరికితే లోపల ఎక్కడో చురుక్కుమనేది, అంతే.

ఒక్క మొగుడి విషయంలో మాత్రం ఆమె గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోయేది.

అతను లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. తోటివాళ్ళు మూగమేస్త్రీ అని పేరు పెట్టారు. నోరు లేక కాదు, వాడక. "ఊఁ", "లేదు", "చూద్దాం" అనే మూడు మాటలతోనే సంసారం ఈదుకొచ్చాడు. కూతురు నర్సింగు చదవడానికి హాస్టలుకు వెళ్ళేరోజున కూడా పెట్టె మోసి, బస్సెక్కించి, "తాళం జాగ్రత్త" అన్నాడంతే. భోజనమయ్యాక డాబా మీదికెళ్ళి ఒక సిగరెట్టు కాల్చుకుని వచ్చి పడుకునేవాడు. తనతో మాట్లాడడని మొదట్లో అక్కకు కష్టంగానే ఉండేది. పోనుపోను ఆ మౌనమే ఆమెకు ధీమా అయింది. నాతో మాట్లాడకపోతే మాననీ, ఎవరితో మాట్లాడుతున్నాడు గనక! లోకంలో అందరికీ సమానంగా లేని వస్తువు మీద ఇక ఏడుపేముంటుంది?

అలాంటి మనిషి ఒకరోజు సాయంత్రం పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ, తలెత్తి అన్నాడు:

"సిగరెట్టంటే అసలు అర్థం ఏంటో తెలుసా?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. మూల మంచం మీద కూర్చున్న అత్తగారు చెవి ఇటు తిప్పింది.

"కాల్చేదిరా. నీ ఊపిరితిత్తులు పాడుచేసేది" అంది అత్తగారు.

"అది కాదమ్మా. సిగారని లావుపాటిది ఉంటుంది చూడు, దానికి పిల్లదన్నమాట. చిన్న సిగారు. ఫ్రెంచివాళ్ళ మాటట. వాళ్ళు ఏ మాటకైనా వెనక ఎట్టు తగిలిస్తే చిన్నది అని అర్థమట."

"మరి చెట్టో? చిన్న చె అనా?"

మేస్త్రీ నవ్వాడు. పళ్ళు కనిపించేలా, భుజాలు కదిలేలా నవ్వాడు. "అది మన ఎట్టమ్మా. ఇది వాళ్ళ ఎట్టు" అన్నాడు. నవ్వు ఆపుకుని మళ్ళీ, "ఆ సిగారన్నది మళ్ళీ స్పెయినువాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందట. వాళ్ళ భాషలో సిగార్రా అంటే ఎండాకాలం చెట్లమీద రొదపెట్టే పురుగు, మన కీచురాయి లాంటిది. చుట్ట చూస్తే అచ్చం దాని ఒళ్ళులాగే ఉంటుంది కదా, అందుకని ఆ పేరు పెట్టారట" అన్నాడు.

అత్తగారు బుగ్గన వేలేసుకుంది. అక్క మాత్రం పురుగునూ పట్టించుకోలేదు, ఫ్రెంచివాళ్ళనూ పట్టించుకోలేదు. ఆమె చెవిలో పడ్డది ఒక్క అక్షరం. ట. మాటట. అర్థమట. వచ్చిందట. పెట్టారట. తను కళ్ళారా చూసినదానికి ఎవరూ 'ట' తగిలించరు. ఎవరో చెబితే విన్నదానికే ఆ 'ట' వస్తుంది. అంటే ప్రతి 'ట' వెనకా ఒక నోరుంది. ఆ నోటికి ఎదురుగా ఈయన చెవులు ఒప్పగించి నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?" అంది, వీలైనంత మామూలుగా.

"ఎవరో. పనిచోట" అని మేస్త్రీ పళ్ళెం తీసుకుని లేచాడు.

ఆ తర్వాత రెండుమూడు రోజులకోసారి ఇంట్లోకి ఒక 'ట' వచ్చిపడేది. క్యాసెట్టంటే చిన్న పెట్టెట. బుల్లెట్టంటే చిన్న బంతట. టాయిలెట్టంటే అసలు చిన్న గుడ్డముక్కట. ఇది విని అత్తగారు "ఛీ, తినేచోట ఏంట్రా ఆ మాటలు" అని కసురుకుని, మర్నాడు పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది. ఇల్లు మునుపటికన్నా సందడిగానే ఉంది. అక్క ఒక్కతే లోపల ఉడికిపోయేది. మేస్త్రీ గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. చొక్కాకు బొత్తాం ఊడితే, తను చూడకముందే అతనే చెబుతున్నాడు.

లాండ్రీలో చిరుగులు కుట్టే ఆమె ఉండేది. కుట్లామె అనేవారు. అక్కకు కష్టసుఖాలు చెప్పుకునే మనిషి ఆమే. ఒకరోజు అక్క ఆలోచనలో పడి ఎవరిదో తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంచేసింది. గోధుమరంగు మరక పడింది. యజమాని ఎన్నడూ లేనిది నాలుగు మాటలన్నాడు. అతను వెళ్ళాక కుట్లామె దగ్గరికి వచ్చి అడిగితే, అక్క సంగతంతా చెప్పింది.

కుట్లామె చేతిలో సూదిని గుడ్డకు గుచ్చి, "మొగుడు సిగరెట్టు కాలుస్తున్నాడని ఏడ్చేవాళ్ళను చూశాను గానీ, దానికి అర్థం చెప్పాడని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నానక్కా" అంది.

"అర్థం చెప్పినందుకు కాదే. ఆ అర్థం ఆయనకు ఎవరు చెప్పారని."

"ఎవడో తోటి మేస్త్రీ అయ్యుంటాడు."

"తోటి మేస్త్రీలకు ఫ్రెంచి వచ్చా?"

కుట్లామె మళ్ళీ సూది అందుకుంది.

మర్నాడు పొద్దున మేస్త్రీ స్నానానికి వెళ్ళినప్పుడు అక్క అతని సంచిలోంచి కళ్ళజోడు తీసి బీరువాలో పెట్టింది. మధ్యాహ్నం సగంపూట సెలవు పెట్టి, "పాపం కళ్ళజోడు మర్చిపోయారు" అనుకుంటూ అదే కళ్ళజోడు పట్టుకుని బయల్దేరింది. ఆ మధ్య అతనికి బస్సుస్టాండు వెనక ఉన్న ఆఫీసుల భవనంలో పని. కింద మందుల దుకాణం, పైన ఇన్సూరెన్సు ఆఫీసు, పళ్ళ డాక్టరు, అన్నిటికన్నా పైన భాషలు నేర్పే బడి. అక్కడి లిఫ్టు పాతది. ఎప్పుడూ ఏదో ఒక అంతస్తులో అలిగి కూర్చునేది.

"మేస్త్రీయా? వెనక మెట్ల దగ్గర ఉంటాడమ్మా. లోపల కాల్చనివ్వరుగా" అన్నాడు వాచ్‌మన్.

వెనకవైపు భవనాన్ని ఆనుకుని ఇనప మెట్లున్నాయి. అక్క గోడవార నిలబడి చూసింది. కింది మెట్టు మీద మేస్త్రీ. పై మెట్టు మీద ఒకామె. జుట్టు సగం నెరిసింది. పొట్టి మనిషి. మగవాళ్ళు వేసుకునే స్వెట్టరు, దాని మోచేతి దగ్గర చిరుగు. వేళ్ళ మధ్య సిగరెట్టు. అరవైకి ఎంతో దూరంలో లేదు.

అక్క ఊపిరి పీల్చుకోవలసింది. పీల్చుకోలేకపోయింది. పడుచుదైతే, సోకులు చేసుకున్నదైతే తిట్టుకోవడానికి ఒక దారుండేది. ఈమెనేమని తిట్టుకోవాలి? పైగా అక్క కళ్ళు ఆమె మీద నిలవడం లేదు, మొగుడి మొహం మీదే ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని, మెడ పైకెత్తి వింటున్నాడు. చేతిలో సిగరెట్టు దానంతటదే కాలిపోయి పొడవాటి బూడిదై వేలాడుతోంది, అతనికి ఆ ధ్యాసే లేదు. అంతలో ఆమె ఏదో అడిగింది. అప్పుడు మేస్త్రీ మాట్లాడటం మొదలుపెట్టాడు. చేతులు తిప్పుతూ, తాడు పైకి లాగుతున్నట్టూ బరువు కిందికి దిగుతున్నట్టూ చూపిస్తూ, ఆగకుండా మాట్లాడాడు. మూగమేస్త్రీ! ఇన్నేళ్ళూ తన ముందు అన్ని మాటలూ ఏ జేబులో పెట్టుకుని తిరిగాడు?

అక్క కళ్ళజోడు ఇవ్వకుండానే వెనక్కి వచ్చి, దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేసింది. సాయంత్రం మేస్త్రీ బీరువా తెరిచి, "ఇక్కడుందా" అని తీసుకున్నాడు.

ఫ్రెంచి మాటలు చెప్పేది ఆ భాషల బడి మనిషే అయ్యుంటుందని అక్క పోల్చుకుంది. అక్కడి గుమ్మంలో, ఫ్రెంచి మొదటి క్లాసు ఎవరైనా వచ్చి ఊరికే వినవచ్చని బోర్డు ఉంది. శనివారం అక్క మంచి బట్టలు కట్టుకుని, లిఫ్టు ఎక్కకుండా నడిచి పైకి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుంది. చుట్టూ అంతా కాలేజీ పిల్లలు. టీచరమ్మ అదే స్వెట్టరుతో వచ్చింది. వస్తూనే సంచిలోంచి సిగరెట్టు పెట్టె తీసి బల్లమీద పెట్టింది.

"దీన్నేమంటారు?"

పిల్లలు కిసుక్కుమన్నారు. "సిగరెట్టు" అన్నారు.

ఇక మొదలైంది. చిన్న సిగారు. ఫ్రెంచివాళ్ళ ఎట్టు. క్యాసెట్టు, బుల్లెట్టు, టాయిలెట్టు. చెట్లమీద రొదపెట్టే పురుగు. తన భోజనాల గదిలో ఏ వరసలో వచ్చాయో ఇక్కడా అదే వరసలో, చిలక పలుకుల్లా వచ్చాయి. అక్క నోరు తెరిచింది. మొగుడు ఒక్కొక్కటే ఏరుకుని అపురూపంగా ఇంటికి మోసుకొచ్చిన మాటలు ఈమె ప్రతి కొత్త క్లాసులోనూ పప్పుబెల్లాల్లా పంచిపెట్టేవేనన్నమాట! మనసు తేలికపడింది. వెంటనే మొగుడి మీద జాలేసింది. ఆ జాలి ఇంకా సర్దుకోకముందే టీచరమ్మ అంది:

"అయితే ఎట్టున్న ప్రతిదీ చిన్నది కాదు. మా లిఫ్టాయన వాళ్ళమ్మ అడిగిందట, మరి చెట్టంటే చిన్న చె అనా అని!"

క్లాసంతా గొల్లుమంది. అక్క గుండెలో సూది దిగింది. అంటే ఇంటి మాటలు అక్కడికి వెళుతున్నాయి. అత్తగారి మాట వెళ్ళింది. క్లాసులకు క్లాసులు దానికి నవ్వుతున్నాయి. తను అన్న మాట ఒక్కటైనా వెళ్ళిందా? అసలు తను ఏమన్నది గనక! "ఎవరు చెప్పారు" అని మాత్రమే కదా. ఆ సాయంత్రం అక్క ఏడ్చింది టీచరమ్మను చూసి కాదు, పళ్ళులేని అత్తగారిని తలుచుకుని.

చివర్లో టీచరమ్మ, "ఈ పురుగు కథ నిజమో కాదో గట్టిగా చెప్పలేం. కొందరు ఒప్పుకోరు. సముద్రం అవతల మాయా అనే జనం ఉన్నారు. వాళ్ళ భాషలో పొగాకు తాగడానికి సికార్ లాంటి మాట ఉండేదని, స్పెయినువాళ్ళు అదే పట్టుకొచ్చారని అంటారు" అంది.

అక్క లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే తెలియలేదు. "నిజమో కాదో తెలీనప్పుడు, ముందు పురుగని ఎందుకు చెప్తారు? విన్నవాళ్ళు ఇంటికెళ్ళి అదే నిజమని చెప్పుకోరూ?"

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "చెప్పుకుంటారు. పురుగు కథ బాగుంటుందని అదే ముందు చెబుతాను. తప్పే" అంది.

అందరూ వెళ్ళాక టీచరమ్మ దగ్గరికి వచ్చింది. "మీరేం చేస్తుంటారు?"

"ఇస్త్రీ. లాండ్రీలో." గొంతు సవరించుకుని, "మీ లిఫ్టాయన మా ఆయన" అంది అక్క.

"ఓహో" అని టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వులో తడబాటు లేదు, దాచిందేమీ లేదు. అక్కకు అది ఇంకా మండింది.

"ఆయన మీతో ఏం మాట్లాడతారు?"

"లిఫ్టుల గురించి. తాళ్ళ గురించి. ఎవరెవరు మధ్యలో ఇరుక్కున్నారో, ఇరుక్కున్నప్పుడు ఎవరేం చేశారో. నేనడుగుతాను, ఆయన చెబుతారు."

"నాతో చెప్పరు."

టీచరమ్మ బల్లమీది సిగరెట్టు పెట్టె తీసి సంచిలో వేసుకుంది. తర్వాత, "మొగుడితో ఎలా మాట్లాడించాలో నాకు తెలిసుంటే నేనెందుకమ్మా ఒంటరిగా మెట్లమీద నిలబడతాను" అంది. కొంచెం సేపటికి ఏదో గుర్తొచ్చినట్టు, "ఇస్త్రీ అన్నారు కదూ. అది కూడా ఓడ దిగి వచ్చిన మాటే అంటారు. పోర్చుగీసువాళ్ళది. లాగి సాపుచెయ్యడం అన్న మాట నుంచి వచ్చిందట. మేస్త్రీ కూడా వాళ్ళదే" అంది.

"ఈ సంగతి ఆయనకు చెప్పారా?"

"లేదే. ఆయనెప్పుడూ అడగలేదు."

ఆయనెప్పుడూ అడగలేదు. అక్క మెట్లు దిగుతూ ఆ మాటను పంటికింద రాయిలా నమిలింది. తన పని పేరు అడగాలని ఆయనకు తోచనేలేదు.

ఆదివారం భోజనాల దగ్గర అక్క తలెత్తకుండా, "సిగారన్నది కీచురాయి నుంచి రాలేదట. మాయావాళ్ళ మాటట. పొగతాగడమని అర్థమట" అంది.

మేస్త్రీ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో. పనిచోట."

వారం రోజులు మేస్త్రీ మొహం చూడాలి! లాండ్రీకి ఎవరెవరు వస్తారని అడిగాడు. కోట్లు ఇచ్చేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఎవరని అడిగాడు. ఒక సాయంత్రం, ఎన్నడూ లేనిది, లాండ్రీ ముందు నిలబడి ఉన్నాడు. "ఇటే వెళ్తున్నాను" అన్నాడు. కుట్లామె నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క ఇంటిదాకా అతని పక్కన నడుస్తూ, బతుకులో మొదటిసారి తనను చూసి ఇంకొకరు ఏడుస్తున్నారన్న సంతోషంతో ఉబ్బిపోయింది.

ఆ సంతోషం నిలవలేదు. ఒకరోజు మేస్త్రీ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"క్లాసుకెళ్ళావా?"

అక్కకు అబద్ధం చేతకాలేదు. "వెళ్ళాను."

"ఎందుకెళ్ళావు? రోజంతా ఆ లిఫ్టు గోతుల్లో వేలాడుతూ నూనె పూసుకుంటాను. ఇంటికొస్తే అమ్మ దగ్గు, నీ కస్సుబుస్సు. నాకని ఉన్నవి ఆ నాలుగు మెట్లే. అక్కడ నేను ఎవరి కొడుకునీ కాదు, ఎవరి మొగుణ్ణీ కాదు. అక్కడికి కూడా వచ్చి నిఘా పెట్టాలా?"

పెళ్ళయ్యాక అతను ఆమెతో ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అవి కాస్తా ఇలాంటివయ్యాయి.

అక్కడితో మేస్త్రీ మెట్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. సిగరెట్టు కూడా మానేశాడు. భవనం యజమానికి చెప్పి, ఆ లిఫ్టు పని ఇంకో మేస్త్రీకి అప్పగించాడు. ఇంట్లో మళ్ళీ ఆ మూడు మాటలే. అత్తగారు మాత్రం కొడుకు పొగ మానాడని ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. "నా కోడలు మాన్పించింది" అని పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయింది. అక్కకు ఆ మెచ్చుకోలు ముళ్ళలా గుచ్చుకునేది. కోరుకున్నదే జరిగింది. మొగుడు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. మునుపైతే అది చాలేది. ఇప్పుడు, భుజాలు కదిలేలా నవ్విన మనిషిని ఒకసారి చూశాక, ఆ మౌనం మునుపటి మౌనంలా లేదు. పళ్ళెం ముందు కూర్చున్న మనిషిని చూస్తే, మధ్య అంతస్తులో ఆగిపోయిన లిఫ్టును చూసినట్టే ఉండేది.

ఆమె ఎన్నోరోజులు తనతో తనే పోట్లాడింది. చివరికొక సెలవురోజు మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక, డాబా మీద బట్టలారేసే తీగ కింద కూర్చుని దారం చిక్కు తీస్తున్న మేస్త్రీ పక్కకు వెళ్ళి కూర్చుంది. కొంగు చాటునుంచి సిగరెట్టు పెట్టె తీసి అతని పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"నేనిక ఆ మెట్లవైపు రాను. మీరు వెళ్ళండి."

"పని ఇంకొకడికి ఇచ్చేశానుగా."

"మెట్లు ఇవ్వలేదుగా."

మేస్త్రీ పెట్టె ముట్టుకోలేదు. "నీకు ఏడుపు కదా" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

"ఏడుస్తాను. నేను ఏడవకుండా ఉండలేను. మీరు అక్కడ విన్నదీ, అక్కడ చెప్పిందీ ఇంటికొచ్చి సగమైనా నాకు చెప్పండి. ఏడుస్తూనే వింటాను."

అతను చాలాసేపు చిక్కు తీస్తూనే ఉన్నాడు. తర్వాతి వారం చొక్కాలో పొగవాసన వచ్చింది. అత్తగారు ముక్కుపుటాలు ఎగరేసి, "మళ్ళీ మొదలెట్టావురా!" అని గొడవచేసింది. అక్క మారుమాట్లాడకుండా వడ్డించింది. అప్పుడు మేస్త్రీ, పెళ్ళాం వైపూ కాదు, తల్లి వైపూ కాదు, మధ్యలో గోడను చూస్తూ, పళ్ళ డాక్టరు రోగితో సహా లిఫ్టులో ఇరుక్కున్న సంగతి మొదలుపెట్టాడు.

అక్క మారిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అతను మెట్ల దగ్గరికి వెళ్ళిన ప్రతిరోజూ ఆమె ఇస్త్రీబల్ల దగ్గర పళ్ళు నూరుకుంటూనే ఉండేది. టీచరమ్మకు దగ్గొస్తోందని మేస్త్రీ బెంగపడితే, తనకు కూడా దగ్గొస్తే బాగుండునని కోరుకుంది. ఇస్త్రీ, మేస్త్రీ రెండూ ఒకే దేశపు మాటలన్న సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. తనకంటూ ఒకటి ఉండనీ అనుకుందేమో, కుట్లామెకు తప్ప ఎవరికీ చెప్పకుండా ఉంచుకుంది.

కొన్నేళ్ళు అలా గడిచాక భాషల బడి మూతపడింది. టీచరమ్మ వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరోజు మేస్త్రీ పెందలాడే ఇంటికి వచ్చాడు. భోజనం వద్దన్నాడు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అతని మొహం చూస్తే అక్కకు తెలిసింది, ఇది ఎవరో పోతే వచ్చే దిగులు. తను నాలుగురోజులు పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ మొహం ఇలా అయ్యిందా? ఏమో, చూసినవాళ్ళెవరు! ఆ దిగులును చూసి కూడా ఆమెకు ఏడుపే వచ్చింది. అయినా ముక్కాలిపీట లాక్కుని అతనికెదురుగా కూర్చుంది.

"చెప్పండి" అంది.

మేస్త్రీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఎలా నవ్వేదో, అగ్గిపుల్ల గీసేటప్పుడు గాలికి ఎలా చెయ్యి అడ్డం పెట్టేదో, ఆమె మొగుడు ఒకరోజు ఊరెళ్ళొస్తానని వెళ్ళి ఇక రానేలేదని, ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పని మిగతా సగమంతా చెప్పాడు. వీధిలో పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది. అత్తగారు మంచం మీద గురక పెడుతోంది.

"మీ కంటికి ఆమె అందంగా ఉండేదా?" అని అడిగింది అక్క.

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికీ చేతకాదు.

"ఉండేది. మాట్లాడేటప్పుడు."

అక్క లేచి వెళ్ళి, కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి మళ్ళీ పీటమీద కూర్చుంది.

"ఊఁ, తర్వాత?" అంది.